పొద్దున పదింటి బిలహరి

జయకుమారి గారు మా ఇంటికి వచ్చిన రోజు నేను మా ఆయన పట్టు పంచె ఇస్త్రీ చేస్తున్నాను. సాయంత్రం ఆయనకు నంబూరులో పెళ్ళి ఉంది. అంచు మీద ఇస్త్రీపెట్టె ఎక్కువసేపు ఉంచితే జరీ కమిలిపోతుంది, తక్కువసేపు ఉంచితే మడత పోదు. ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పనే కాబట్టి చెయ్యి దానంతటదే తిరుగుతుంది. పెళ్ళిళ్ళలో వియ్యాలవారు "విద్వాన్ గారి పంచె చూడండి, కాగితంలా ఉంది" అంటారట. ఆ మాట ఆయన ఇంటికొచ్చి నాకెంతో సంతోషంగా చెబుతారు.

మా ఆయన నాగూర్ వలి. సన్నాయి విద్వాంసుడు. పెదకాకాని చుట్టుపక్కల పెళ్ళి జరిగినా, గుడిలో కల్యాణం జరిగినా చాలావరకు ఆయన మేళమే. మా పుట్టిల్లు మార్టూరు దగ్గర. మా నాన్నదీ సన్నాయే, తాతదీ సన్నాయే. తెల్లవారి నమాజు కాగానే నాన్న అన్నయ్యలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేవాడు. నేను పొయ్యి దగ్గర కూర్చుని వినేదాన్ని. వాళ్ళకి వారం పట్టిన వర్ణం నాకు మూడోరోజుకే వచ్చేసేది. వచ్చేసిందని ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏం చేసుకుంటారు? పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఒకసారి మా ఆయన శిష్యుడు మోహన వాయిస్తూ, అందులో లేని మధ్యమాన్ని తగిలించాడు. నేను పులుసు కలుపుతూ ఆగలేక "మధ్యమం పడింది" అన్నాను. మా అత్తమ్మ సిద్దికా వెంటనే లోపలికొచ్చి, "వంటింట్లోంచి గరిటె చప్పుడు వినపడాలి గాని స్వరం వినపడకూడదమ్మాయ్" అంది. అవతల మా ఆయన, "ఉప్పు తక్కువైతేనే కాదు, స్వరం ఎక్కువైనా మా ఇంటావిడ పట్టేస్తుందన్నమాట" అన్నారు. శిష్యులు నవ్వారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. ఆ తరువాత ఎన్ని మధ్యమాలు పడ్డా నేను నోరు తెరవలేదు, మనసులో మాత్రం ఒక్కోదానికి ఒక్కో మొట్టికాయ వేసుకుంటూ వచ్చాను.

జయకుమారి గారు గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో డ్రాయింగ్ టీచరు. పొన్నూరు వైపు మనిషి. యాభై దాటి ఉంటాయి, చీర కొంగుకి రంగు మరకలు. సంగీతం క్లాసుల వరండా గోడంతా బొమ్మలు వేసే పని ఆవిడకి అప్పగించారట. వెంట ఒక పెద్ద ఫైలు తెచ్చింది. అందులో వందల ఏళ్ళ నాడు రాజస్థాన్ వైపు వేసిన చిన్న చిన్న బొమ్మల నకళ్ళు ఉన్నాయి. రాగమాల బొమ్మలంటారట వాటిని. ఒక్కో రాగాన్నీ ఒక్కో మనిషిలా వేస్తారు. ఒకామె ఉయ్యాల దగ్గర, ఒకామె పాముల మధ్య, ఒకామె వీణ పట్టుకుని తోటలో, చుట్టూ జింకలు.

"మా చర్చి పాటల పుస్తకంలో ప్రతి పాట పైనా రాగం పేరుంటుందండీ," అని మా ఆయనతో చెప్పింది ఆవిడ. "ముఖారి, ఆనందభైరవి, నీలాంబరి. చిన్నప్పుడు నేను వాళ్ళంతా ఎవరో ఆడవాళ్ళనుకునేదాన్ని, ఏ ఊళ్ళో ఉంటారో అనుకునేదాన్ని. ఈ బొమ్మలు చూశాక నేననుకున్నది తప్పేం కాదని తెలిసింది. కానీ గోడ మీద మన రాగాలు వెయ్యాలని ఉంది, మన పెళ్ళిళ్ళలో వినపడేవి. ఒక్కో రాగం ఎలా ఉంటుందో మీరు చెబితే నేను వేస్తాను."

మా ఆయన గొంతు సవరించుకుని తోడి రాగం ఆరోహణ, అవరోహణ చెప్పారు. ఏ మేళకర్తో చెప్పారు. జయకుమారి గారు ఓపిగ్గా విని, "అది సరేనండీ, మనిషి ఎలా ఉంటుంది? వయసెంత? నిలబడి ఉంటుందా, కూర్చుని ఉంటుందా?" అని అడిగింది. ఆయన మీసం దువ్వుకుంటూ మళ్ళీ ఆరోహణ దగ్గర్నుంచి మొదలుపెట్టారు.

నేను టీ గ్లాసులు పెట్టడానికి వంగితే జింకల మధ్య వీణ పట్టుకున్నావిడ కనపడింది. సన్నటి నడుము, వాలిన కళ్ళు. కింద తోడి అని రాసి ఉంది. నాకు నవ్వొచ్చింది. నోరు మూసుకుందామనుకునే లోపలే వచ్చేసింది. ఇద్దరూ నా వైపు చూశారు. ఇక చెప్పక తప్పలేదు.

"తోడి ఇంత నాజూగ్గా ఉండదండీ. తోడి పెద్దావిడ. అరవై ఏళ్ళుంటాయి. బరువైన మనిషి. గడప మీద కూర్చుంటుంది. ఆవిడ చెప్పాల్సింది ఒక్కటే మాట. ఆ మాట చెప్పడానికి సాయంత్రమంతా తీసుకుంటుంది. అయినా వినేవాళ్ళెవరూ లేచి వెళ్ళరు."

మా ఆయన, ఉత్తరాది తోడి వేరు, మన తోడి వేరు, స్వరాలే కలవవని వివరించారు. ఆ మాట నిజమే. జయకుమారి గారు తలూపింది గాని కళ్ళు నా మీదే ఉన్నాయి. ఫైలు వెనక అట్ట మీద పెన్సిలుతో గడప, గడప మీద బరువైన మనిషి, చాపిన ఒక కాలు గీసేసింది. "కాంభోజి?" అంది. చెప్పాను. "శహన?" చెప్పాను. ఇస్త్రీపెట్టె వేడి చల్లారిపోయింది. వెళ్ళేటప్పుడు ఆవిడ, వారానికి మూడు రోజులు నన్ను కాలేజీకి పంపగలరా అని మా ఆయనని అడిగింది, వెంటనే నా వైపు తిరిగి, "రాగలరా ఖుర్షిదా గారూ?" అని మళ్ళీ నన్నే అడిగింది. ఆయనకిదంతా ముచ్చటగానే ఉంది. వెళ్ళు, నాలుగు రోజుల సరదా అన్నారు.

అలా నేను ఆటో ఎక్కి గుంటూరు వెళ్ళడం మొదలుపెట్టాను. మిర్చి సీజను. యార్డు వైపు నుంచి గాలి తిరిగితే ఆటోలో అందరం ఒకేసారి తుమ్మేవాళ్ళం, ఒకరినొకరు చూసుకుని నవ్వేవాళ్ళం. వరండాలో నాకో స్టూలు వేసేవారు. జయకుమారి గారు గోడ మీద గీస్తూ ఉంటే నేను చెబుతూ ఉండేదాన్ని, కాలేజీ ఆడపిల్లలు నలుగురైదుగురు రంగులు నింపేవారు. పాత బొమ్మల్లో లాగే ఆకాశం పైన సన్నటి పట్టీలా ఉండాలనీ, చెట్టుకి ఆకులు ఒక్కోటీ విడివిడిగా కనపడాలనీ ఆవిడ పట్టుదల. మనుషులు మాత్రం నేను చెప్పినవాళ్ళే. మోహన అంటే సాయంత్రం మిరప చేల నుంచి ట్రక్కులో నిలబడి తిరిగొచ్చే ఆడవాళ్ళు. వేళ్ళు మండుతూ ఉంటాయి, అయినా ఎవరో ఒకరు ఏదో అంటారు, ట్రక్కంతా నవ్వుతుంది. ముఖారి అంటే పురుగు పట్టిన పత్తి చేను గట్టు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి. కాంభోజి అంటే మా వీధిలో ఉండే మహిమ. మిరపకాయల తొడిమలు తీసే ముఠాకి పెద్ద, ముప్పైమందిని ఒక్క కేకతో లేపుతుంది. ఆవిడ నడుస్తుంటే వీధి తప్పుకుంటుంది. ఇవన్నీ నా లోపల ఎప్పటి నుంచి ఉన్నాయో నాకే తెలియదు. పప్పు రుబ్బుతూ, పంచెలు ఉతుకుతూ, శిష్యుల కంచాలు తీస్తూ వింటున్నప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి ఆ రాగంలో కూర్చున్నారు కాబోలు. అవతల గదిలో మగవాళ్ళు దాన్ని విద్య అనుకుంటూ ఉంటే, ఇవతల నేను మనుషులతో కాలక్షేపం చేస్తున్నాననుకున్నాను. ఇప్పుడు ఒక్కొక్కరూ నా నోట్లోంచి లేచి గోడ మీదికి వెళుతుంటే, సాయంత్రం ఆటో దిగి ఇంటికి నడిచేటప్పుడు నా నడకే మారిపోయేది. ఇంట్లోకి వచ్చే ముందు కాస్త నెమ్మదించి పాత నడక తెచ్చుకునేదాన్ని.

మాఘమాసం సగానికి వచ్చేసరికి ముహూర్తాలు ఊపందుకున్నాయి. పదకొండు రోజుల్లో తొమ్మిది పెళ్ళిళ్ళు. ఒక మధ్యాహ్నం మా ఆయన ఇద్దరు శిష్యులతో వచ్చేసరికి నేనింకా గుంటూరు నుంచి రాలేదు. అన్నం వండి ఉంది, కూర వండి ఉంది, చారు కాచి ఉంది. వడ్డించేవాళ్ళు లేరు. నేను వచ్చేసరికి ముగ్గురూ మండువాలో కూర్చుని ఉన్నారు, గిన్నెల మూతలు తీయకుండా. ఆయన కేకలేసే మనిషి కాదు. "బొమ్మలు ఎక్కడికీ పోవు, ముహూర్తాలు పోతాయి" అన్నారు. అంతే. ఆ మర్నాటి నుంచి నేను గుంటూరు వెళ్ళలేదు. జయకుమారి గారు రెండుసార్లు ఫోను చేసింది. ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఆ అబద్ధం చెప్పాక నిజంగానే ఒంట్లో బాగాలేనట్టు అయింది. ఐదు పంచెలు ఇస్త్రీ చేశాను. ఆయన ఇంట్లో శహన సాధన చేస్తుంటే వినబుద్ధి కాక పెరట్లోకి వెళ్ళిపోయాను. పుట్టి బుద్ధెరిగాక సన్నాయికి దూరంగా నడవడం అదే మొదటిసారి.

నాలుగో రోజు జయకుమారి గారు నా ఫోనుకి నీలాంబరి బొమ్మ పంపింది. ఆ నీలాంబరి మా అత్తమ్మ. నా పెద్దకూతురికి పసితనంలో కోరింత దగ్గు వచ్చినప్పుడు, పిల్ల పడుకోలేక ఏడుస్తుంటే, మధ్యాహ్నాలన్నీ దాన్ని భుజాన వేసుకుని పెరట్లో తిరుగుతూ కూనిరాగం తీసేది. అది నీలాంబరని, ఒక్క స్వరం కూడా తప్పడం లేదని అప్పుడే గమనించాను. నన్ను వంటింట్లో స్వరం వినపడకూడదన్న మనిషి అంత శుద్ధంగా ఎలా పాడుతోందని ఆశ్చర్యపోయాను గాని అడిగే ధైర్యం లేకపోయింది. జయకుమారి గారికి ఆ పెరడూ, ఆ భుజం, ఆ పిల్ల వేలాడే చెయ్యీ మాత్రమే చెప్పాను.

అత్తమ్మకి డెబ్బై ఆరేళ్ళు. ఫోను ఆవిడ ముఖానికి దగ్గరగా పెట్టాను. చాలాసేపు చూసింది.

"ఎవరే ఇది? నేనేనా?"

"మీరే అత్తమ్మా. నీలాంబరి."

"నా ముక్కుపుడక ఏదీ?"

పెట్టిస్తానన్నాను. ఆవిడ ఫోను ఇవ్వలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎవరితోనో చెబుతున్నట్టు నెమ్మదిగా మాట్లాడింది. వాళ్ళ నాన్న కూడా ముగ్గురు కొడుకులకీ నేర్పి తనకి నేర్పలేదట. తలుపు వెనక నిలబడి నేర్చుకుందట. అత్తగారింట్లో ఒకసారి నోరు తెరిస్తే, వాళ్ళ అత్త కూడా గరిటె మాటే అందట. "ఆ మాటే నీకూ అప్పజెప్పానే," అంది. "మరి ఇవాళ ఎందుకు వెళ్ళలేదు?" అని అడిగింది. చెప్పాను.

ఆ మధ్యాహ్నం మా ఆయన వచ్చేసరికి అత్తమ్మ వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఒరేయ్ వలీ," అంది, "అమ్మాయి రేపటి నుంచి బొమ్మల దగ్గరికి వెళుతుంది. గిన్నె మూత తీయడానికి మేళకర్త తెలియనక్కర్లేదు. నువ్వు తీయి, వాళ్ళిద్దరికీ పెట్టు. నేను చూస్తూ ఉంటా." మా ఆయన తల్లి మాటకి ఎదురు చెప్పరు. మొదటి రోజు చారులో గరిటె పడేసుకున్నారట. రెండో రోజుకి అలవాటైందట. మూడో రోజు శిష్యుల కంచాలు వాళ్ళే కడుక్కున్నారని, కడుగుతూ పాఠం వల్లె వేసుకుంటున్నారని అత్తమ్మ నాకు కబురులా చెప్పి నవ్వింది.

పదకొండు బొమ్మలు పూర్తయ్యాయి. చివర ఒక్క చదరం ఖాళీగా మిగిలింది. "ఇది మీది," అంది జయకుమారి గారు. "మీ రాగం ఏదో చెప్పండి." వీధిలో వాళ్ళందరికీ రాగాలు పంచిపెట్టినదాన్ని, నాకంటూ ఒకటి అట్టేపెట్టుకోలేదు. ఇంటికొచ్చి మా ఆయననే అడిగాను. ఆయన సన్నాయికి పెట్టే పీకలు సర్దుకుంటూ, ఏమాత్రం ఆలోచించకుండా అన్నారు. "నువ్వు రాగం ఏంటే? నువ్వు శ్రుతివి. శ్రుతి లేకపోతే ఏ రాగమైనా నిలబడుతుందా?"

శిష్యులు ఆహా అన్నారు. ఆయన ముఖం వెలిగిపోయింది. నిజంగా గొప్ప మాటే అన్నాననుకున్నారు, ప్రేమగానే అన్నారు. నాకు మా నాన్న మేళంలో శ్రుతి పట్టే యలమంద మామ గుర్తొచ్చాడు. బుగ్గలు పూరించుకుని మూడు గంటలు ఒకే స్వరం పట్టేవాడు. ఒక్క క్షణం వదిలితే అందరూ తిరిగి చూసేవారు, వదలనంతసేపూ ఎవరూ చూసేవారు కాదు. నేను ఈ ఇంట్లో ఏం పట్టుకుని నిలబడ్డానో ఆయనకి తెలుసన్నమాట. తెలిసే, దానికో అందమైన పేరు కూడా పెట్టుకున్నారు.

"శ్రుతిపెట్టె కొని పదేళ్ళయిందిగా అండీ," అన్నాను. "దానికి చార్జింగ్ పెడితే చాలు."

నేను వేళాకోళమాడుతున్నానో కాదో ఆయనకి తెలియలేదు. నాకూ తెలియలేదు.

మర్నాడు ఆయన పొన్నూరులో పెళ్ళికి శిష్యులను తీసుకుని పొద్దున్నే వెళ్ళిపోయారు. అత్తమ్మ మాత్రలు వేసుకుని పడుకుంది. గిన్నెలు తోమేశాను, బట్టలు ఆరేశాను. పదయింది. మండువాలోకి ఎండ నేరుగా దిగుతోంది. వేడన్నంలో గోంగూర పచ్చడి, నెయ్యి కలుపుకుని, ఎండలోకి కాళ్ళు చాపుకుని తినడం మొదలుపెట్టాను. ఎవరికీ ఏమీ అందించక్కర్లేదు, మధ్యలో లేవక్కర్లేదు. రెండో ముద్ద దగ్గరో మూడో ముద్ద దగ్గరో నేనేదో కూనిరాగం తీస్తున్నానని తెలిసింది. బిలహరి. ఎక్కేటప్పుడు ఐదు మెట్లే చకచకా ఎక్కి, దిగేటప్పుడు ఏడు మెట్లూ తీరిగ్గా చూసుకుంటూ దిగే రాగం. పొద్దెక్కాక వాయించే రాగం. నేను ఎంగిలి చేత్తోనే నవ్వుకున్నాను. చెయ్యి కడుక్కుని గుంటూరు ఆటో ఎక్కాను.

జయకుమారి గారికి చెబితే ఆవిడ ఫైలు తెరిచి ఆ పాత బొమ్మలన్నీ ఒక్కోటీ తిరగేసింది. ఒకామె చేతిలో వీణ, ఒకామె చేతిలో తామరపువ్వు, ఒకామెకి అద్దం, ఒకామెకి నెమలి. కొందరు ఎవరికోసమో దారి చూస్తున్నారు. కొందరు అలిగారు. "ఇంతమందిలో ఒక్కతి కూడా అన్నం తినడం లేదండీ," అంది చివరికి. "పాపం వీళ్ళు ఎప్పుడు తిన్నారో ఏమో." ఆ తరువాత మేమిద్దరం ఎందుకంత నవ్వామో ఆడపిల్లలకి అర్థం కాలేదు. ఆ వారమంతా గోంగూరకి సరైన ఆకుపచ్చ కలపడంతోనే సరిపోయింది.

ప్రారంభోత్సవానికి మా ఆయన మేళాన్నే పిలిచారు. అత్తమ్మ ఆటోలో వచ్చి ముందు తన ముక్కుపుడక చూసుకుంది, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసుకుంది. మహిమ యార్డుకి సెలవు పెట్టి పదిమందిని వెంటబెట్టుకొచ్చింది. కాంభోజి ముందు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, "నోరు మరీ ఇంత చిన్నగా వేశారేంటమ్మా?" అని అడిగింది. మోహన బొమ్మ దగ్గర ఆమె ముఠా ఆడవాళ్ళు ట్రక్కులో ఎవరు ఎవరో తేల్చుకుంటూ ఉండిపోయారు.

మా ఆయన ఒక్కో బొమ్మ ముందూ ఆగి ఆ రాగం కాసేపు వాయిస్తూ వచ్చారు. తోడి దగ్గర చాలాసేపు వాయించారు. అంత బాగా వాయించగా నేను వినలేదు. గడప మీది ముసలావిడని చూస్తూ వాయించారు. చివరి బొమ్మ దగ్గరికి వచ్చేసరికి సన్నాయి దించి, మండువా కేసీ, ఎండ కేసీ, కాళ్ళు చాపుకుని కూర్చున్న మనిషి కేసీ చూశారు. గుర్తుపట్టారు.

"ఇందులో నేనెక్కడ?" అని మెల్లగా అడిగారు.

"మీరు పొన్నూరు పెళ్ళికి వెళ్ళారండి."

ఆయన బొమ్మని ఇంకాసేపు చూశారు. "బానే ఉన్నావు," అన్నారు.

రంగులు వేసిన ఆడపిల్లల్లో ఒకతె ముందుకొచ్చి, "మేడమ్, బిలహరి ఎలా ఉంటుందో ఒక్కసారి వినిపించరా?" అంది. ఆ పిల్ల నా వైపే చూస్తూ అడిగింది. మా ఆయన అలవాటు కొద్దీ సన్నాయి పెదవుల దగ్గరికి ఎత్తారు.

"ఆ అమ్మాయి నన్నడిగిందండీ," అన్నాను.

గట్టిగా అనలేదు. ఆయన చెయ్యి అలాగే ఆగింది. ఒకసారి ఆ పిల్ల వైపు, ఒకసారి నా వైపు చూసి, సన్నాయిని నెమ్మదిగా దించుకున్నారు. నేను గోడ దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. మొదటి స్వరం బయటికి వచ్చేసరికి అది నా గొంతో కాదో నాకే తెలియలేదు. పై షడ్జం దగ్గర చీలింది. నవ్వొచ్చింది, ఆగి మళ్ళీ అందుకున్నాను. రెండోసారి నిలబడింది. ఇక అక్కడి నుంచి నేనెవరినీ చూడలేదు. ఎక్కడం, తీరిగ్గా దిగడం, మళ్ళీ ఎక్కడం. ఎక్కడో అత్తమ్మ తొడ మీద తాళం వేస్తున్న చప్పుడు మాత్రం వినపడింది.

అయిపోయాక ప్రిన్సిపాల్ గారు వచ్చి, ప్రతి బుధవారం వచ్చి ఈ గోడ ముందు కూర్చుని పిల్లలకి ఒక్కో రాగం చెప్పగలరా అని అడిగారు. మా ఆయన, ముహూర్తాల రోజులు కదండీ మేడమ్, చూసుకుని... అని మొదలుపెట్టారు. ఆయన మాట పూర్తయ్యే లోపల నేను, వస్తానమ్మా, బుధవారం పదింటికి ఇక్కడుంటాను అన్నాను.

తిరుగు ప్రయాణంలో అత్తమ్మ మా ఇద్దరి మధ్యా కూర్చుని కునుకు తీసింది. మా ఆయన సన్నాయి సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆటో బయటికి చూస్తూ ఉన్నారు. కాకాని రోడ్డు ఎక్కాక ఇటు తిరిగారు.

"ఎంతసేపు పాడావో తెలుసా? ఇరవై నిమిషాలు."

"అంతేనా?" అన్నాను.